డాక్టరమ్మ గారి కారు వెనక చక్రం

నేను చీరాలలో ముప్ఫయ్యేడేళ్ళు మోటారు మెకానిక్‌గా పనిచేశాను. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి కనుక పానా పట్టడం మానేశాను గానీ, పొద్దున్నే షెడ్డు దాకా నడిచి వెళ్ళి ఒక గంట కూర్చుని రావడం మాత్రం మానలేదు. అక్కడ కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళు నన్ను ఇంజన్ల గురించి అడుగుతుంటారు. ఇంజన్ల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఒక బేరింగ్ గురించి చెబుతాను. అరచేతిలో పట్టేంత బేరింగ్. ఒకే కారుకు, ఒకే చక్రానికి దాన్ని నేను రెండుసార్లు వేశాను. ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగా. నాకు పని తెలిసిందంటే ఆ రెండింటి మధ్య గడిచిన రోజుల్లోనే తెలిసింది.

పిచ్చయ్య మేస్త్రి

అది యాభైల దశకం చివర. ఒంగోలు జిల్లా ఇంకా ఏర్పడలేదు, మాదంతా గుంటూరు జిల్లానే. నాకు పాతికేళ్ళు నిండలేదు. మా షెడ్డు పెద్ద పిచ్చయ్య మేస్త్రి. యుద్ధం రోజుల్లో మిలిటరీ వర్క్‌షాపులో పని నేర్చుకుని వచ్చినవాడు. పొట్టి మనిషి, నెమ్మదస్తుడు. షెడ్డులో సుత్తిని గోడకు బాగా ఎత్తున మేకు కొట్టి తగిలించేవాడు. కావలసినవాడు స్టూలు తెచ్చుకుని ఎక్కి తీసుకోవాలి. స్టూలు తెచ్చేలోపు సగం మందికి సుత్తి అక్కర్లేదని తెలిసిపోతుందనేవాడు.

మా దగ్గరికి ఎక్కువగా లారీలు వచ్చేవి. పత్తి బోరేలు మోసేవి, పొగాకు మోసేవి, సీజన్లో మిరపకాయలు తొక్కి నింపిన టిక్కీలు మోసేవి. మిరప లారీ కిందికి దూరడమంటే శిక్షే. చట్రం సందుల్లో పేరుకున్న కారం పొడి పానా తగలగానే మొహం మీద రాలేది. గ్రీజులో కూడా కారమే. మేము తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ పనిచేస్తుంటే మేస్త్రి మాత్రం మొహానికి తడిగుడ్డ కట్టుకుని తాపీగా బోల్టులు లెక్కపెట్టుకునేవాడు.

నేను ఆయన్ని తండ్రిలా చూసుకున్నాను. ఈరోజుకీ ఆయన మీద ప్రేమ తగ్గలేదు. అయినా ఉన్నమాట చెప్పాలి. ఆయన ఇలా చెయ్యి, అలా చెయ్యకు అనేవాడే తప్ప ఎందుకో చెప్పేవాడు కాదు. యాక్సిల్ మీదికి బేరింగ్ దించేటప్పుడు లోపలి రింగు మీదే ఒత్తిడి పెట్టాలి, బయటి రింగును ముట్టుకోకూడదని నాతో ఎన్నోసార్లు అన్నాడు. ముట్టుకుంటే ఏమవుతుందో ఒక్కసారీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఆయనది ఎంత లోపమో నాదీ అంతే లోపం.

మొదటిసారి

పర్చూరులో రాజ్యలక్ష్మి గారని ఒక డాక్టరమ్మ ఉండేవారు. పెద్ద ఆసుపత్రి కావాలంటే చీరాల రావాలి, లేకపోతే గుంటూరు పోవాలి. అంత దూరం పోలేని చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళకు ఆవిడే దిక్కు. ఒక చిన్న నల్ల కారు ఉండేది. తనే నడుపుకుంటూ రేగడి దారుల్లో కాన్పులకు వెళ్ళేవారు. ఇంట్లో ఆవిడా, ఆవిడ తల్లిగారూ, అంతే. ఆ పెద్దావిడను అందరం మామ్మగారనేవాళ్ళం.

కారు వెనక చక్రం గరగరమంటోందని ఒకరోజు బస్సు డ్రైవరు చేత కబురు పంపారు. అప్పటికి మేస్త్రి పచ్చకామెర్లతో మంచం మీద ఉన్నాడు. వెళ్ళి యాక్సిల్ ఊడదీసి షెడ్డుకు తీసుకురా, ఇక్కడ పొడుగు గొట్టం పెట్టి దించుదాం అన్నాడు. నేను సరేనన్నాను. కొత్త బేరింగ్ సంచీలో వేసుకుని బస్సెక్కాను.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. బేరింగ్‌కు రెండు ఉక్కు రింగులు ఉంటాయి, ఒకదానిలో ఒకటి. వాటి మధ్య గుండ్లు తిరుగుతాయి. లోపలి రింగు యాక్సిల్‌ను గట్టిగా పట్టుకుని ఉండాలి. అందుకే దాని రంధ్రం యాక్సిల్ లావు కన్నా వెంట్రుకవాసి తక్కువ ఉంటుంది. చేత్తో తోస్తే ఎక్కదు. లోపలి రింగుకు సరిగ్గా సరిపోయే పొడుగు గొట్టం ఉంటే దాన్ని నిలబెట్టి నెమ్మదిగా కొట్టి దించొచ్చు. డాక్టరమ్మ గారి పెరట్లో నా దగ్గర గొట్టం లేదు. సుత్తి ఉంది, ఒక మొద్దు ఉలి ఉంది.

యాక్సిల్ తీసుకుని చీరాల వెళ్ళి రావాలంటే రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులూ కారు లేకపోతే ఎలా అని డాక్టరమ్మ గారు అడిగారు. ఆవిడ అడిగారని కాదు గానీ, మేస్త్రి లేకుండా నేనొక్కడినే ఇంటి దగ్గరే చేసేశానని అనిపించుకోవాలని నాకు ఉబలాటం. ఉలి మొనకు అందేది బయటి రింగే. దాని అంచు మీద చుట్టూ తిప్పుకుంటూ కొట్టాను. అటు రెండు, ఇటు రెండు. అరగంటలో దిగింది. చక్రం బిగించి తిప్పితే బాగానే తిరిగింది. మామ్మగారు మజ్జిగ ఇచ్చారు. డాక్టరమ్మ గారు అప్పుడే అయిపోయిందా అన్నారు. బస్సులో చీరాల వస్తున్నంతసేపూ ఆ మాటే నెమరేసుకున్నాను.

మేస్త్రి గొట్టం సంగతి అడగలేదు. నేను చెప్పలేదు.

దారిలో

మూడు వారాలు కాలేదు, మళ్ళీ కబురు వచ్చింది. కారు పర్చూరు చీరాల దారిలో ఆగిపోయి ఉందని. మేస్త్రి అప్పటికి లేచి తిరుగుతున్నాడు. ఇద్దరం వెళ్ళాం. కారు దారి పక్కన ఒక వైపు ఒరిగి ఉంది. వెనక చక్రం బిగుసుకుపోయింది. పక్కన పత్తి చేలో కూలీలు పత్తి తీస్తున్నారు. జరిగింది వాళ్ళు చెప్పారు.

ముందురోజు మధ్యాహ్నం డాక్టరమ్మ గారు ఆ కారులో ఒక కాన్పు మనిషిని చీరాల ఆసుపత్రికి తీసుకెళుతున్నారు. ఆమె పేరు కోటమ్మ. మొదటి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది. వెంట ఆమె భర్త ఆంజనేయులు ఉన్నాడు. ఇక్కడికి వచ్చేసరికి పెద్ద చప్పుడుతో చక్రం ఆగిపోయింది. ఆ సమయానికి బస్సు లేదు. పత్తి వేసుకెళుతున్న ఎడ్ల బండిని ఆపి, ఆ పత్తి మీదే ఆమెను పడుకోబెట్టి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ గారు బండి పక్కన నడుస్తూ వెళ్ళారట. ఆసుపత్రికి చేరేసరికి పొద్దు వాలింది. తల్లి బతికింది. మగబిడ్డ, దక్కలేదు.

మేస్త్రి జాకీ పెట్టి కారు ఎత్తాడు. యాక్సిల్ ఊడదీసి, పగిలిన బేరింగ్ ముక్కలు ఏరి, కిరసనాయిల్లో కడిగి గుడ్డ మీద పరిచాడు. లోపలి రింగు ఎండకు తిప్పి నాకు చూపించాడు. గుండ్లు తిరిగే దారిలో చిన్న చిన్న గుంటలు. గుండుకూ గుండుకూ మధ్య ఎంత ఎడముంటుందో సరిగ్గా అంతంత దూరంలో, వరసగా ఉన్నాయి. బయటి రింగు మీద కొట్టిన ప్రతి దెబ్బా గుండ్ల గుండా వెళ్ళి అక్కడ పడింది. మొదట్లో కనబడదు, వినబడదు. చక్రం తిరిగేకొద్దీ ఆ గుంటలు పెద్దవై, పెచ్చులు లేచి, చివరికి పగిలింది. బయటి రింగు అంచు మీద ఉలి మచ్చలు అలాగే ఉన్నాయి.

"దేంతో కొట్టావురా?" అని అడిగాడు.

బేరింగే నాసిరకం అనొచ్చు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ గుడ్డ మీద ఆ ముక్కలు పెట్టుకుని ఎలా అనను? ఉలితో అన్నాను.

ఆయన తిట్టలేదు.

"ఎందుకు కొట్టగూడదో నీకు చూపించి ఉండాల్సింది. ఇదేదో పాత బేరింగ్ మీద కొట్టి విప్పి చూపిస్తే సరిపోయేది. నా తప్పు కూడా ఉంది. కానీ డాక్టరమ్మకు నువ్వే చెప్పాలి. నేను చెప్తే అది నా మాటవుద్ది."

గుంటలు చూపించిన రోజు

ఆ రింగు గుడ్డలో చుట్టుకుని పర్చూరు వెళ్ళాను. డాక్టరమ్మ గారు ముందు గదిలో రోగుల్ని చూస్తున్నారు. అందరూ వెళ్ళేదాకా అరుగు మీద కూర్చున్నాను. లేచి వెళ్ళిపోదామని రెండుసార్లు అనుకున్నాను. చివరికి పిలిచారు. నిలబడి, చేసింది చేసినట్టు చెప్పాను. గొట్టం లేదని తెలిసీ కొట్టానని, మేస్త్రి చెప్పింది పెడచెవిన పెట్టానని, గొప్పకు పోయానని చెప్పాను.

ఆవిడ కోప్పడతారని ఎదురుచూశాను. ఆవిడ రింగు అడిగి తీసుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆ గుంటల్ని గోటితో తడిమి చూశారు. ఎక్కడ కొట్టావు, ఎక్కడ కొట్టాలి, దెబ్బ ఏ దారిన వెళుతుంది అని ఒక్కొక్కటే అడిగారు. నాకు తెలిసినంత చెప్పాను. తర్వాత కుర్చీలో కూర్చుని అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"కారు ఆగకపోతే బిడ్డ బతికేవాడా అంటే నేను చెప్పలేను మస్తాన్. నా దగ్గరికి తీసుకొచ్చేసరికే ఆలస్యమైంది. అంతా నీ మీదే వేసుకోకు. అలాగని నీ భాగం లేదనీ అనుకోకు." రింగు నా చేతికి తిరిగిచ్చి, "నేనూ పొరపాట్లు చేశాను. నావి ఇలా విప్పి చూపించడానికి ఉండవు, అంతే తేడా" అన్నారు.

కొత్త బేరింగ్ వెయ్యడానికి మేస్త్రి గారే వస్తారని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు.

"నువ్వే వెయ్యి. మేస్త్రిని అడిగి నేర్చుకుని రా."

సరేనని బయటికి వచ్చాను. తిట్టి పంపించి ఉంటే అంత భయం వేసేది కాదు.

నూనె కాగిన రోజు

మేస్త్రి నాకు నేర్పించాడు. ఈసారి ఎందుకో చెప్పి మరీ నేర్పించాడు. ఇంటి దగ్గర బేరింగ్ నొక్కి ఎక్కించే ప్రెస్సు ఉండదు, ప్రతిచోటికీ గొట్టాలు మోసుకెళ్ళలేం, కనుక వేడితో పని చేయించుకోవాలి అన్నాడు. నూనెలో బేరింగ్‌ను కాస్తే ఉక్కు వ్యాకోచించి రంధ్రం పెద్దదవుతుంది. అప్పుడు సుత్తి అక్కర్లేదు, చేత్తోనే జారిపోతుంది. చల్లారాక మళ్ళీ బిగుసుకుంటుంది. బేరింగ్‌ను గిన్నె అడుగున పడెయ్యకూడదు, అడుగున మంట వేడి ఎక్కువ తగులుతుంది. తీగెకు కట్టి నూనె మధ్యలో వేలాడదియ్యాలి. నూనె పొగరాకూడదు. అంత వేడెక్కితే ఉక్కు గట్టిదనం పోతుంది. ఒక్క నీటిచుక్క చిలకరిస్తే చిటపటమనాలి, అంతవరకే. నేను పాత బేరింగ్‌ను పాత యాక్సిల్‌కు ఎక్కించి, పుల్లరుతో లాగి, మళ్ళీ కాచి, మళ్ళీ ఎక్కించి రెండు రోజులు అదే పని చేశాను.

కారును అప్పటికే దారి మీంచి లాగించి ఇంటి పెరట్లో పెట్టించారు. పర్చూరు వెళ్ళిన రోజున డాక్టరమ్మ గారు ఏదో ఊరికి గుర్రబ్బండి మీద వెళ్ళవలసి వచ్చింది. నన్ను మామ్మగారికి అప్పగించి వెళ్ళారు. మామ్మగారికి మడీ ఆచారం ఎక్కువ. వంటింటి గుమ్మంలోకి నన్ను రానివ్వరు. మొదట నా డబ్బాలోని ఇంజన్ నూనె వాసన చూసి మొహం తిప్పుకున్నారు. తర్వాత తనే కుంపటి తెచ్చి పెరటి వసారాలో పెట్టారు. బూరెలు వండే ఇనుప మూకుడు తెచ్చి ఎత్తు నుంచి నా చేతిలో వదిలారు.

"ఇది మళ్ళీ నా వంటింట్లోకి రాదు. నువ్వే పట్టుకుపో" అన్నారు.

అన్నారే గానీ, పీట వేసుకుని నాలుగడుగుల దూరంలో కూర్చున్నారు. నూనె కాగే సంగతి నాకన్నా తనకే బాగా తెలుసని ఆవిడ నమ్మకం. అది నిజం కూడా. బొగ్గులు ఎగదోస్తుంటే వద్దన్నారు, ఒకసారి విసనకర్ర ఆపమన్నారు. నేను నీటిచుక్క వేస్తే చిటపటమంది. ఇంకా బూరె వేగే కాక రాలేదు కదా అన్నారు. అంత కాక రాకూడదండి, వస్తే పాడైపోతుంది అన్నాను. అయితే ఇంకెందుకు ఆలస్యం అన్నారు.

తడిపి పిండిన గోనె గుడ్డ రెండు చేతులకూ చుట్టుకున్నాను. యాక్సిల్ నీడలో నిలబెట్టి ఉంది. బేరింగ్ నూనెలోంచి తీశాక నాకుండేది కొన్ని క్షణాలే. సగం దారిలో చల్లారితే అక్కడే పట్టుకుపోతుంది. తీగె పట్టుకుని పైకి ఎత్తబోతున్నాను.

"అబ్బాయ్, ఆ పలక అక్కర్లేదా?" అన్నారు మామ్మగారు.

సామాన్లన్నీ ఒక చెక్క మీద వరసగా పేర్చుకున్నాను. అందులో నాలుగు బోల్టు రంధ్రాల ఇనుప పలక అలాగే ఉంది. బేరింగ్ కన్నా ముందు యాక్సిల్‌కు తొడగాల్సింది అది. బేరింగ్ ఎక్కాక ఇక దాన్ని తొడగడం కుదరదు. లాగితే కొత్త బేరింగ్ పాడవుతుంది కనుక దాన్ని పారేసి, గుంటూరు నుంచి ఇంకొకటి తెప్పించి మళ్ళీ మొదలుపెట్టాలి. రెండు రోజులు సాధన చేసింది ఉత్త యాక్సిల్ మీద. అందులో పలక లేదు. అందుకే నా చేతులు దాన్ని మరిచిపోయాయి.

నేను తీగె వదిలి, పలక తొడిగి, వరసంతా మళ్ళీ చూసుకున్నాను. తర్వాత బేరింగ్ ఎత్తి యాక్సిల్ మీద పెట్టాను. మెత్తగా జారుకుంటూ వెళ్ళి చివరి మెట్టుకు టక్కుమని తగిలింది. దెబ్బ లేదు, సుత్తి లేదు. చల్లారేటప్పుడు అది కొంచెం వెనక్కి జరగాలని చూస్తుంది. అలా జరగకుండా రెండు బొటనవేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకుని ఉండాలి. గుడ్డలోంచి వేడి తగిలి వేళ్ళు బొబ్బలెక్కాయి. నేను వదల్లేదు. మామ్మగారు దూరం నుంచే విసనకర్రతో నా వైపు విసిరారు.

ఇప్పటివాళ్ళకు నేను చెప్పేది ఇది. పని చూస్తున్నవాళ్ళకు పని తెలియదనుకోవద్దు. పెరట్లో పని చేస్తుంటే ఇంటివాళ్ళు పక్కన చేరితే విసుక్కునే మెకానిక్కుల్ని చాలామందిని చూశాను. నేనూ అలాంటివాణ్ణే. ఆ రోజు తర్వాత మానేశాను.

కోటమ్మ ఇంటికి

యాక్సిల్ కారుకు తొడిగి చక్రం బిగించాను. డాక్టరమ్మ గారు వచ్చి, కారు ఎక్కి, నన్నూ ఎక్కమన్నారు. ఎక్కడికో చెప్పలేదు. ఒక ఊళ్ళో మిరపకాయలు ఆరబోసిన కల్లం పక్క ఇంటి ముందు ఆపారు. కోటమ్మను చూడటానికి లోపలికి వెళ్ళారు. నన్ను ఏమీ చెప్పమనలేదు, చెప్పొద్దనీ అనలేదు.

ఆంజనేయులు కల్లంలో తెల్లబారిన తాలు కాయలు ఏరుతున్నాడు. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దవాడు. నేను వెళ్ళి పక్కన కూర్చుని నేను చేసింది చెప్పాను. ఆయన చేతులు ఆగాయి గానీ తల ఎత్తలేదు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నాడు చివరికి.

"తెలిసేది కాదండి."

"మరెందుకు చెప్పావ్?"

ఆయన లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. మేము బయల్దేరేదాకా బయటికి రాలేదు.

అలా చెప్పి మంచిపని చేశానో, నా బరువు ఆయన నెత్తిన పెట్టానో నాకు చాలాకాలం తెలియలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

ఏడాదిన్నర తర్వాత

ఒకరోజు పొద్దున ఆంజనేయులు మా షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. మేస్త్రి స్టూలు వేయబోతే కూర్చోలేదు. కోటమ్మకు మళ్ళీ నెలలు నిండాయని చెప్పాడు. డాక్టరమ్మ గారి కారు ఒకసారి చూసి పెట్టమని అడగడానికి వచ్చానన్నాడు. మేస్త్రిని కాదు, నన్ను అడిగాడు.

ఇద్దరం ఒకే బస్సులో పర్చూరు వెళ్ళాం. దారిలో ఆంజనేయులు ఆ ఏడాది పురుగు పడిందని, పత్తి సగమే వచ్చిందని చెప్పాడు. కారు జాకీ మీద ఎత్తి నాలుగు చక్రాలూ చూశాను. వెనక చక్రం చేత్తో తిప్పాను. ఆయన నా పక్కనే గొంతుక్కూర్చుని, నేను చెవి పెట్టినట్టే తనూ చెవి పెట్టాడు.

"ఏం వినబడ్డంలా" అన్నాడు.

"అదేనండి కావాల్సింది."

ఆయన లేవలేదు. చక్రం దానంతట అది నెమ్మదించి ఆగేదాకా అలాగే విన్నాడు. ఆగాక ఇంకోసారి తిప్పమన్నాడు. తిప్పాను.

ఆ వారంలోనే ఆడపిల్ల పుట్టింది. కాన్పు ఇంట్లోనే తేలిగ్గా అయిపోయింది, ఆసుపత్రి అవసరమే రాలేదు. డాక్టరమ్మ గారు తర్వాత నాతో చెప్పారు: తను లోపల కాన్పు చేస్తున్నంతసేపూ ఆంజనేయులు కారు పక్కనే నిలబడ్డాడట. బిడ్డ ఏడుపు వినబడ్డాక కూడా లోపలికి వెళ్ళలేదట. కారును చీరాల దారి వైపు తిప్పి పెట్టమని ముందే అడిగి పెట్టించుకున్నాడట. ఇక కారు అక్కర్లేదు, వెళ్ళి బిడ్డను చూసుకో అని ఆవిడ బయటికి వచ్చి చెప్పాకే కదిలాడట.